నూకాలు చుక్కలు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పేగు కుళ్లు వస్తే తెల్లారేసరికి పొట్ట ఉబ్బుతుంది, పొద్దు వాలేసరికి నల్లబడుతుంది. అరచేతిలో ఇమిడే బిడ్డకు కోత పెట్టి బతికించడం ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా కత్తి మీద సామే. విశాఖపట్నంలో తల్లిపాల పరిశోధన కేంద్రానికి పెద్దగా ఉన్న డాక్టర్ కౌముది, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ ఒక్క జబ్బుతోనే కుస్తీ పడుతోంది. గెలిచిన రోజులు తక్కువ.

తల్లిపాలు ఉత్త ఆహారం కాదు. వాటిలో ప్రాణమున్న సూక్ష్మజీవులు ఉంటాయి. అవి బిడ్డ పేగుల్లో దిగి కాపురం పెడతాయి, చెడ్డవాటిని గడప తొక్కనివ్వవు. ఇదంతా అప్పటికే అందరికీ తెలిసిన సంగతే. తెలియనిదల్లా, వాటిలో ఏది ఎంత గట్టిదన్నదే.

ఆ ఏడు వానాకాలంలో కేంద్రానికి ఆనుకుని ఉన్న ఆసుపత్రిలో పేగు కుళ్లు అంటుకుంది. నెలలు నిండని పిల్లల వార్డులో ఒకరి తరవాత ఒకరు పోతున్నారు. అయితే కిటికీ పక్క వరసలో ఉన్న పిల్లలకు మాత్రం ఏమీ కాలేదు. ఎందుకా అని ఆరా తీస్తే, ఆ వరసలో పిల్లలందరికీ ఒకే తల్లి దగ్గర మిగిలిన పాలు పట్టారని తేలింది. ఆమె పేరు మైలపల్లి నూకాలు. ఊరు జాలారిపేట. ఎండు చేపలు అమ్ముకునే మనిషి. తొలికాన్పు ఏడో నెలలోనే అయిపోయి, కూతురు పైడితల్లిని గాజుపెట్టెలో పెట్టి, వార్డు బయట వరండాలో చాప వేసుకుని ఉంటోంది.

కౌముది ఆమె పాలచుక్క ఒకటి గాజు పళ్లెంలో వేసి, చుట్టూ జబ్బు క్రిములను చల్లింది. మర్నాడు చూస్తే చుక్క చుట్టూ చీపురుతో ఊడ్చినట్టు గుండ్రంగా ఖాళీ. పళ్లాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు నిలబడింది. అలాంటి ఖాళీ ఆమె అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"నీ పాలల్లో ఒక సూక్ష్మజీవి ఉంది నూకాలూ. దాన్ని పెంచి మిగతా పిల్లలకు వేస్తాం. నీకిష్టమేనా?" అని అడిగింది.

నూకాలుకు కోపం వచ్చింది. "నా పాలల్లో పురుగులేటి డాట్రమ్మా? నాను దినాం నీళ్లు పోసుకుంటాను!"

"చెడ్డ పురుగు కాదమ్మా. పాలు తోడుకోవాలంటే పెరుగు కావాలా వద్దా? అలాంటిది."

"అలాగని సెప్పండి మరి," అంది నూకాలు, కొంచెం మెత్తబడి. "తోడుకి నా దగ్గరకొచ్చినారన్నమాట. అట్టుకెళ్లండి."

అలా పుట్టాయి ఆ చుక్కలు. వాటికి కౌముది పెట్టిన శాస్త్రీయమైన పేరు ఎవరి నోటా తిరగలేదు. ఆసుపత్రిలో ఆయాలు నూకాలు చుక్కలన్నారు, తరవాత నర్సులు అన్నారు, చివరికి డాక్టర్లూ అదే అన్నారు. ఏడాది తిరిగేసరికి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి పసిపిల్లల వార్డులోనూ, బిడ్డను గాజుపెట్టెలో పెట్టగానే అడిగే మొదటి మాట "నూకాలు చుక్కలు వేశారా?" అన్నదే అయింది. పేగు కుళ్లు దాదాపు మాయమైంది.

మరుసటి ఏడు కేంద్రంలో చుక్కల పిల్లలందరికీ ఒక చిన్న పండగ చేశారు. హాల్లో జంపఖానాలు పరిచి, రంగు కాగితాలు కట్టారు. తల్లులు పిల్లలను ఎత్తుకుని వచ్చారు. ఉక్కపోతకు పిల్లలు ఒకటే ఏడుపు. నూకాలుకు శాలువా కప్పాలని అనుకున్నారు గాని, ఆమె ఆటో దొరక్క ఆలస్యంగా, పైడిని చంకనేసుకుని వెనక గుమ్మంలోంచి వచ్చింది.

వెనక వరసలో ఏడుపు ఆగిపోయింది. ఆ తరవాత దాని ముందు వరసలో. గాలి వీచిన వైపుకు పైరు వాలినట్టు, నూకాలు నడిచిన దారి పొడుగునా పిల్లలు ఊరుకుంటూ వచ్చారు. హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. తలలు నిలబడ్డ పిల్లలు తలలు తిప్పారు. పాకే పిల్లలు తల్లుల ఒళ్లు దిగి పాకడం మొదలుపెట్టారు. అందరూ నూకాలు వైపే.

నూకాలు మొదట నవ్వింది. "ఏటర్రా, నా దగ్గర బెల్లం ముక్కున్నాదేటి?" అంటూ కింద కూర్చుని ఒక పిల్లవాడిని ఎత్తుకుంది. వాడు ఆమె మెడ కింద ముఖం దూర్చి, కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆమె ఒంటి మీద పిల్లలు చీమల్లా పట్టారు. పైడి వాళ్ల జుట్లు పట్టి లాగుతూ "మాయమ్మ! మాయమ్మ!" అని ఏడుపు లంకించుకుంది. ఆ హాల్లో ఏడుస్తున్న పిల్ల అప్పుడు పైడి ఒక్కతే.

పిల్లవాడి తల్లి వచ్చి చేతులు చాచింది. వాడు రాలేదు. లాక్కోబోతే గుక్క పట్టాడు. ఆమె చేతులు దించేసి, కౌముది వైపు తిరిగి, "ఇంట్లోనూ ఇంతేనండీ. నా ఒంటికి అంటుకోడు. పరాయిదాన్ని చూసినట్టు చూస్తాడు," అంది.

"మా పాప కూడా," అంది ఇంకొకామె.

మూడో గొంతు, నాలుగో గొంతు కలిశాయి. ఈ మాట వాళ్లు ఇంతకుముందే డాక్టర్లకు చెప్పారు. వారాల తరబడి గాజుపెట్టెలో ఉన్న పిల్లలు అలాగే ఉంటారని, పోనుపోను సర్దుకుంటుందని డాక్టర్లు అన్నారు. అలా చెప్పినవాళ్లలో కౌముది కూడా ఉంది.

ఆ నెలలోనే ఆమె పరీక్ష పెట్టింది. పరీక్ష చాలా సులువు. పడుకోబెట్టిన బిడ్డకు ఒక చెంప పక్కన తల్లి కట్టి విడిచిన చీర ముక్క, రెండో చెంప పక్కన నూకాలు చీర ముక్క. చుక్కలు వేయని పిల్లలు తల్లి వైపు తిరిగారు. చుక్కల పిల్లలు నూకాలు వైపు తిరిగారు. ముక్కలను అటు ఇటు మార్చినా అంతే.

సంగతి ఏమిటంటే, ఆ సూక్ష్మజీవి ఒక వాసన పుట్టిస్తుంది. పెద్దవాళ్ల ముక్కుకు అది అందదు. పుట్టిన కొత్తలో బిడ్డ, ఆకలి తీర్చే వాసన ఏదో, నొప్పి తగ్గించే వాసన ఏదో పట్టుకుని దానికే అమ్మ అని గుర్తు పెట్టుకుంటుంది. గాజుపెట్టెలో ఉన్న బిడ్డకు తల్లి దూరం. కడుపులో మంట చల్లారుతున్నప్పుడు దానికి తెలిసే వాసన ఇదొక్కటే. లోకంలో ఆ వాసన ఒంటి నిండా ఉన్న మనిషి కూడా ఒక్కతే. మిగతా తల్లులకూ చుక్కలు వేసి చూశారు. వాళ్ల ఒంట్లో అది నాలుగు రోజులు కూడా నిలవలేదు.

వాసన లేని రకాన్ని తయారు చేయాలని కౌముది కూర్చుంది. చేసింది కూడా. దాన్ని గాజు పళ్లెంలో వేస్తే చుట్టూ ఖాళీ ఏర్పడలేదు. పేగును కాపాడే పదార్థమూ, వాసన వేసే పదార్థమూ ఒకటే.

"ఇది తల్లులకు చెప్పాలి," అంది పిల్లల వార్డు పెద్ద డాక్టర్ రత్నాకర్‌తో.

"ఏమని?" అన్నాడు రత్నాకర్. "మీ బిడ్డ బతుకుతుంది గాని మిమ్మల్ని అమ్మ అనుకోదనా? మేడమ్, పురిటి మంచం మీద ఉన్న మనిషికి ఆ మాట చెబితే ఏమవుతుందో మీకు తెలియదా? భయపడి వద్దంటారు. వద్దన్న పిల్లలు పోతారు."

కౌముది వాదించలేదు. ఇంకొంచెం పరీక్షించి చూద్దాం అనుకుంది. అనుకుంటూ ఉండగానే నెలలు గడిచాయి.

ఆమె ఒక్కగానొక్క కూతురు ప్రణతి రేవులో ఇంజనీరు. అల్లుడు ఓడ మీద పనిచేస్తాడు, అప్పుడు ఏ సముద్రంలోనో ఉన్నాడు. ప్రణతికి ఏడో నెల నడుస్తుండగా, ఆఫీసులో మెట్లు దిగుతూంటే ఉమ్మనీరు పోయింది. ఆ సాయంత్రమే మగపిల్లవాడు పుట్టాడు. ఏడవడానికి కూడా సత్తువ లేని పిల్లవాడు.

వాణ్ని గాజుపెట్టెలో పెట్టాక కౌముది కూతురి మంచం పక్కన కూర్చుంది.

"చుక్కలు వేశారా అమ్మా?" అని అడిగింది ప్రణతి.

"వేసేముందు నీకొక మాట చెప్పాలి."

చెప్పింది. చీర ముక్కల సంగతి, హాల్లో జరిగిన సంగతి, వాసన తీసేస్తే మందు పనిచేయని సంగతి, అన్నీ చెప్పింది. ప్రణతి కళ్లు మూసుకుని వింది.

"ఎన్నాళ్లుంటుంది అలా?"

"తెలియదు. పెద్దయిన వాళ్లింకా లేరు చూడ్డానికి."

"వేయకపోతే?"

"బతకొచ్చు. బతక్కపోనూ వచ్చు."

"ఇది మిగతా తల్లులకి చెప్పారా?"

"లేదు."

ప్రణతి కళ్లు తెరిచింది. "మరి నాకెందుకు చెప్పావు?"

కౌముది కూతురి కాళ్ల మీది దుప్పటి సర్దింది.

"వెళ్లి వెయ్యి," అంది ప్రణతి గోడ వైపు తిరిగి. "ముందు వాణ్ని ఉండనీ."

చుక్కలు వేసి వచ్చిన తరవాత కౌముది రత్నాకర్ గదికి వెళ్లి, రేపటి నుంచి ప్రతి తల్లికీ తానే చెబుతానంది. కూతురికి చెప్పిన మాట పరాయి తల్లి దగ్గర దాచడం తన వల్ల కాదంది. రత్నాకర్ "మీ ఇష్టం" అన్నాడు.

ఆ పక్షంలోనే ఒక ఇంటివాళ్లు వద్దన్నారు. తల్లి ఏమీ మాట్లాడలేదు. అత్తగారు, మా వంశం పిల్ల ఎవరి వాసనో పట్టుకుని పోవడమేమిటంది. కౌముది ఎంత చెప్పినా వినలేదు. అయిదో రోజుకు ఆడపిల్ల పోయింది. రత్నాకర్ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ పడక ఖాళీ అయిందని మాత్రం చెప్పాడు. కౌముది అయినా చెప్పడం మానలేదు. చెప్పే తీరు మార్చుకుంది. ఇంటివాళ్లను బయట ఉంచి తల్లికి ఒక్కదానికే చెప్పసాగింది.

ప్రణతి కొడుకు బతికాడు. అనిరుద్ధ అని పేరు పెట్టారు. ఇంటికి తెచ్చిన రోజు నుంచే రొమ్ము పట్టనన్నాడు. తల్లి దగ్గరకు తీసుకుంటే ఒళ్లు విల్లులా వెనక్కి వంచి ఏడ్చేవాడు. ఉయ్యాల్లో వేస్తే ఊరుకునేవాడు. సీసాతో ఎవరు పట్టినా తాగేవాడు. తల్లీ ఒకటే, పనిమనిషీ ఒకటే.

అప్పటికి ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ఊళ్లో తల్లులు జాలారిపేటకు దారి కట్టారు. ఒక్కసారి నిద్రపుచ్చమని కొందరు, కట్టి విడిచిన చీర ఇమ్మని కొందరు. మొదట్లో నూకాలుకు అది గొప్పగానే ఉండేది. పోనుపోను విసుగెత్తింది. కౌముది వెళ్లేసరికి గుమ్మంలో చేపల గంప పెట్టుకుని చిరాగ్గా ఉంది.

"మీరూ కోక కోసమే వచ్చినారా డాట్రమ్మగారూ?"

కౌముది తల ఊపింది.

"నాకు కట్టుకోడానికి నేకుండా పోతన్నాది. కొత్తవి తెచ్చిస్తన్నారు, నా మీద నలిగీవరకూ ఆగి అట్టుకుపోతన్నారు. నానేటి మనిషినా, దండేన్నా?" గంప పక్కకు తోసింది. "మా పైడి సూడండి, ఎవులు గుమ్మంలో కొచ్చినా నన్ను కరుసుకు పోతాది. మాయమ్మని అట్టుకెళ్లకండని ఏడుస్తాది. ఎనకీదిలో ఒకామె నన్ను చిల్లంగిదని, సేతబడి సేస్తానని కూడా అనీసింది. నాను సేసినదేటి? పాలిచ్చినాను. అంతే గదా!"

"అంతే నూకాలూ. తప్పు నీది కాదు."

"తప్పెవులిదని అడగనేదు నాను," అంది నూకాలు. చేతులు దులుపుకుని లేచి, "మనవడా?" అని అడిగింది. లోపలికి వెళ్లి దండెం మీది ముతక నీలం చీర తెచ్చి కౌముది చేతిలో పెట్టింది.

ప్రణతి ఆ చీర చుట్టుకుని కూర్చుంటే పిల్లవాడు ఒక్క ఉదుటున రొమ్ము పట్టాడు. చిన్ని పిడికిలితో చీర అంచు గట్టిగా పట్టుకుని, పొట్ట నిండేదాకా తాగి, ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు. ఇంటికి వచ్చాక అదే మొదటి నవ్వు. కౌముదికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ప్రణతి మాత్రం నవ్వలేదు.

కొన్నాళ్లు అలా గడిచింది. వాసన తగ్గగానే కౌముది వెళ్లి ఇంకో చీర తెచ్చేది. ఒక మధ్యాహ్నం ఆమె కేంద్రం నుంచి వచ్చేసరికి పిల్లవాడు వీధి చివరికి వినబడేలా ఏడుస్తున్నాడు. నూకాలు చీర బకెట్లో సబ్బు నీళ్లలో నానుతోంది. ప్రణతి తన మామూలు నైటీతో, పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇదేమిటే?"

"వాడు నన్ను చూసి నవ్వట్లేదమ్మా. నన్ను నూకాలనుకుని నవ్వుతున్నాడు. నేను లేను అక్కడ."

"ఆకలితో ఉన్నాడు, ముందు..."

"సీసా పట్టాను. పొట్ట నిండే ఉంది. ఏడవనీ. ఎవరి దగ్గరున్నాడో తెలిసి ఏడవనీ."

కౌముది గుమ్మంలోనే నిలబడిపోయింది. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి, గొంతు రాసుకుపోయి, వెక్కుతూ వెక్కుతూ సోలిపోయాడు. నిద్రలో కూడా ముఖం తల్లి వైపు కాక అవతలికే తిప్పుకున్నాడు. ప్రణతి వాణ్ని దించలేదు. ఆ తరవాత ఆమె ఇంకెప్పుడూ ఆ చీర కట్టలేదు. రోజూ వాడికి నీళ్లు పోసింది, తినిపించింది, ఏడిస్తే ఎత్తుకుంది, ఒళ్లు వంచితే వంచనిచ్చింది. అల్లుడు సెలవు మీద వచ్చి చూసి, వీడికి మనం గిట్టమా అని అడిగితే, "ఇంకా పరిచయం కాలేదు" అంది.

రెండో ఏడు అన్నం అలవాటయ్యాక పిల్లల పేగుల్లో కొత్త కాపురాలు వచ్చి చేరాయి. నూకాలు సూక్ష్మజీవి కొద్దికొద్దిగా తగ్గి, కనబడకుండా పోయింది. పేగు కుళ్లు భయం అప్పటికి దాటిపోయింది కాబట్టి దానితో పని లేదు. కాని అది వెళ్లిన రోజుల్లో ప్రతి పిల్లా దిగులు పెట్టుకుంది. ఆటలు మానేసి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. అనిరుద్ధ కొన్ని వారాలు సరిగా తినలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. రక్తపరీక్షల్లో ఏమీ కనబడలేదు. మాటలు రాని పిల్లవాడు ఎవరి కోసం బెంగ పడుతున్నాడో వాడికి మాత్రం ఎలా తెలుస్తుంది? ప్రణతి వాణ్ని భుజాన వేసుకుని బీచి రోడ్డు మీద తిప్పేది.

తరవాత మెల్లగా కోలుకున్నాడు. అప్పటి నుంచి ఎవరు పిలిచినా వెళ్లేవాడు. ప్రణతి దగ్గరకు కొంచెం ఎక్కువసార్లు వెళ్లేవాడు. ఆ కొంచెం తేడాను ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గాని, కౌముది గమనించింది.

ఒకరోజు నూకాలు వచ్చింది. తెలిసినవాళ్ల పెళ్లికి ఆ వీధిలోకి వచ్చి, పనిలో పనిగా చూసి పోదామనుకుంది. పైడి చేయి పట్టుకుని ఉంది. అనిరుద్ధ నేల మీద గిన్నెలు బోర్లిస్తున్నాడు. నూకాలు గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాచింది. "ఒరే నా తండ్రీ, రా!"

వాడు తలెత్తి, కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశాడు. ఒక గిన్నె తీసుకెళ్లి మర్యాదగా ఆమె చేతిలో పెట్టి, మళ్లీ ఆటలో పడ్డాడు.

నూకాలు గిన్నెను అటు ఇటు తిప్పి చూసింది. "మరిసిపోనాడు," అంది. "మంచిదేలెండి. అందరూ మరిసిపోతన్నారు ఈ మజ్జిన." ప్రణతి భోజనం చేసి వెళ్లమంటే వద్దంది. కొంగుతో ముఖం తుడుచుకుని, పైడిని చంకనెత్తుకుని వెళ్లిపోయింది. పైడి ఎత్తుకునే వయసు దాటిపోయింది, అయినా ఎత్తుకుంది.

చుక్కలు మాత్రం ఆగలేదు. వాటికి బదులు ఇంకొకటి కౌముదికి దొరకలేదు. పొద్దున్నే వార్డుకు వెళ్లి, కొత్తగా వచ్చిన తల్లుల పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. చాలామంది చివరి దాకా విననే వినరు. బతుకుతుందా, అయితే వెయ్యండి అంటారు. కొందరు ఏడుస్తారు. ఒకరిద్దరు ఆలోచించుకోవాలంటారు. ఆమె ఆగుతుంది.

ఎస్.కోట దగ్గరి పల్లె నుంచి వరహాలమ్మ అనే అమ్మాయి వచ్చింది. ముందు రెండు కాన్పులూ పోయాయి. ఇది మూడోది. కౌముది చెప్పినదంతా ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వింది. రెండో ఏడు వచ్చేవరకూ బిడ్డ నిన్ను అమ్మ అనుకోకపోవచ్చు అన్నప్పుడు కూడా కదల్లేదు.

"మరెవుల్ని అనుకుంటాది?"

"నూకాలు అని ఒకామె ఉంది. జాలారిపేటలో. ఆమెను."

వరహాలమ్మ గాజుపెట్టె వైపు చూసింది. లోపల బిడ్డ పక్కటెముకలు లేస్తూ పడుతూ ఉన్నాయి.

"ఆయమ్మి మంచిదేనా?" అని అడిగింది.

ఇన్నాళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. కౌముది స్టూలు ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది.

"మంచిదే," అంది.

"అయితే ఎయ్యండి."